తవిటయ్య గారు దిద్దించిన నివేదిక

పోయిన వేసవిలో ఒక పని మీద పలాస వెళ్ళాను. కాంప్లెక్సులో మందస బస్సు కోసం కూర్చుని ఉంటే ఒక ముసలావిడ తట్ట నిండా జీడిమామిడి పళ్ళు తెచ్చి నా పక్కనే దించింది. ఎండకు కొన్ని పళ్ళు మెత్తబడి చిట్లాయి. రసం తట్ట సందుల్లోంచి కారి గచ్చు మీద చిన్న మడుగు కట్టింది. ఆ వాసన ఎరగని వాళ్ళకి చెప్పడం కష్టం. తియ్యగా మొదలై, అంతలోనే పులిసి, గొంతు దగ్గరికి వచ్చేసరికి గరగరలాడుతుంది. మా వైపు వాళ్ళకి అది వేసవి వాసన. నాకు మాత్రం ఆ వాసన వస్తే తవిటయ్య గారు కళ్ళ ముందుకు వస్తారు. పొట్టి చేతుల తెల్లచొక్కా, మోకాళ్ళ దాకా దుమ్ము పట్టిన ప్యాంటు, చేతులు వెనక్కి కట్టుకుని, చెట్టు పైకి కాకుండా మొదట్లో నేలకేసి చూస్తూ నడిచే మనిషి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మందస బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. తర్వాతి బస్సు దాకా అక్కడే కూర్చుండిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను ఆయన దగ్గర పనిలో చేరాను. సేంద్రియ పంటలకు కేంద్ర ప్రభుత్వం అప్పుడే కొత్తగా ప్రమాణాలు పెట్టింది. రసాయనాలు వాడకుండా పండించానని రైతు చెబితే సరిపోదు. ప్రభుత్వం గుర్తింపు ఇచ్చిన ఏదో ఒక సంస్థ తన మనిషిని పంపి తోట చూపించి, నివేదిక రాయించాలి. అలా మూడేళ్ళు వరుసగా గట్టెక్కితేనే ఆ తోట పప్పు సేంద్రియమని పత్రం వస్తుంది. ఈ సంస్థలు సక్రమంగా పని చేస్తున్నాయా లేదా అని చూడడానికి మళ్ళీ ప్రభుత్వం నుంచి పర్యవేక్షకులు వచ్చి ఫైళ్ళు తిరగేస్తారు. అలాంటి ఒక సంస్థ పలాసలో, జీడిపప్పు బట్టీలున్న వీధిలో, మేడ మీద రెండు గదులు తీసుకుని ఆఫీసు పెట్టింది. నాది టెక్కలి. మా నాన్న హైస్కూల్లో గుమాస్తా. వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివి రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం అది. తవిటయ్య గారు వ్యవసాయ శాఖలో ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళలోనే చేసి రిటైరై, ఆ ఆఫీసులో తనిఖీల బాధ్యత తీసుకున్నారు. ఆయన పుట్టిన ఊరు వజ్రపుకొత్తూరు అవతల, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడి వాళ్ళు ఇంకా ఉన్నారు.

నాకు పని నేర్పడానికి మొదట తీసుకెళ్ళింది మందస దగ్గర ఒక జీడితోటకి. రైతు మమ్మల్ని చెట్ల కింద తిప్పుతూ, ఈ ఏడు ఎనిమిది బళ్ళ గెత్తం వేశానని చెప్పాడు. పశువుల ఎరువుని మా వైపు గెత్తం అంటారు. నేను శ్రద్ధగా పుస్తకంలో, ఎనిమిది బళ్ళ గెత్తం వేశారు అని రాసుకున్నాను. తవిటయ్య గారు నా భుజం మీంచి తొంగి చూశారు.

“బళ్ళు నువ్వు లెక్కెట్టినావేటమ్మా?”

“లేదు సార్. ఆయనే చెప్పారు.”

“మరైతే ఆయన చెప్పాడని రాయి.” నా చేతిలో పుస్తకం తీసుకుని పేజీ మధ్యలో పైనుంచి కిందికి గీత గీశారు. “సూసింది ఇటు. విన్నది అటు. నీకు అనిపించింది ఎటూ కాదు.”

నాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టింపా అనిపించింది. ఆ రైతు అబద్ధం చెప్పలేదని మా ఇద్దరికీ తెలుసు. చెట్ల మొదళ్ళలో ఎరువు కనిపిస్తూనే ఉంది. కానీ ఆయన వంగి, ఒక చెట్టు కింద మట్టి గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి, “ఇది రాయి. ఇది నువ్వు సూసినావు” అన్నారు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి పేజీ మధ్యలోనూ ఆ గీత ఉండేది. ఒక్క నివేదికలో తప్ప.

ఆయన సరదా మనిషి కాదు. అలాగని కటువైన మనిషీ కాదు. తోటలకు వెళ్ళినప్పుడు ఎవరైనా అన్నం తిని వెళ్ళమంటే వద్దనేవారు. మేం తెచ్చుకున్న క్యారేజీ ఎక్కడో కొబ్బరి చెట్ల నీడలో విప్పుకునే వాళ్ళం. రైతు ఇంటి ముద్ద తిన్నాక ఆ రైతు తప్పు రాయడానికి చెయ్యి రాదని ఆయన భయం. ఒకరోజు అలా తింటూ ఉంటే దూరాన ఎవరో స్ప్రేయరు భుజాన వేసుకుని వెళ్తున్నాడు. తవిటయ్య గారు ముద్ద కలుపుతూ ఆగిపోయారు. నాకు కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు మాట్లాడారు. వాళ్ళ ఊళ్ళో మొదటి స్ప్రేయరు తీసుకొచ్చింది ఆయనే. వ్యవసాయ శాఖలో చేరిన కొత్త. పూతకి దోమ పడుతోందని, మందు కొడితే కాపు నిలుస్తుందని ఊరూరా చెప్పే ఉద్యోగం. ఆ స్ప్రేయరు మొట్టమొదట తగిలించింది సొంత అన్న భుజానికి. అన్న పాతికేళ్ళు మోశాడు. చివరికి కిడ్నీలు పాడై, విశాఖపట్నం చుట్టూ తిరిగి తిరిగి పోయాడు. ఉద్దానంలో అలా పోయిన వాళ్ళు లేని వీధి లేదు.

“మందు వల్లే అంటారా సార్?” అన్నాను.

“తెలీదు.”

క్యారేజీ గిన్నెలు కడిగి సంచిలో సర్దాక మళ్ళీ అన్నారు. “నీళ్ళంటన్నారు. మందంటన్నారు. ఎండంటన్నారు. పెద్ద పెద్ద డాట్టర్లే తేల్చనేదు. మందు వల్లే అనీసుకుంటే బాగుణ్ణనిపిత్తాది నాకు. తప్పు నాదని ఏడిసి ఊరుకుందును. నీళ్ళ వల్లే అనీసుకుంటే ఇంకా బాగుణ్ణు. ఆ రెండూ నేవు నాకు.”

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నీళ్ళ సీసా మూత బిగిస్తూ కూర్చున్నాను. సేంద్రియం పనిలోకి ఆయన ఎందుకొచ్చారో మాత్రం ఆరోజు అర్థమైంది.

నేను చేరిన మూడో ఏడు ఆయన సొంతూరి రైతుల సంఘం తనిఖీ వచ్చింది. చిన్న రైతులు అందరూ కలిసి సంఘంగా పత్రం తీసుకోవచ్చు. కానీ అందులో ఒక్కరు తప్పు చేసి, సంఘం దాన్ని కనిపెట్టకపోతే అందరి పత్రమూ ఆగిపోతుంది. ఆ సంఘంలో తవిటయ్య గారి వదిన కూడా ఉన్నారు. పేరు నీలమ్మ. పోయిన అన్న భార్య. తనిఖీదారుకు బంధువులున్న చోట అతను తనిఖీ చేయకూడదని నిబంధన. ఆయన ముందే ఆఫీసుకి కాగితం రాసి ఇచ్చి, ఆ ఊరి ఫైలు నా పేరున పెట్టించారు. అలవాటు కొద్దీ బస్సులో నాతో వచ్చారు గానీ ఊళ్ళోకి రాలేదు. రోడ్డు మీద టీ కొట్టు బల్ల మీద కూర్చుని, “అయినాక రా” అన్నారు.

జీడి పూత మీదున్న రోజులు. తోటల్లో తేనెటీగల రొద. నీలమ్మ గారికి డెబ్భై దగ్గర పడుతుంటాయి. సన్నగా, నిటారుగా, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ముందు నడిచారు. ప్రతి చెట్టూ చూపించారు. “దోమ పట్టినాది ఈ ఏడు. యేపగింజల కషాయం కొట్టినాను. సగం పోనాది పూత. పోతే పోనీ” అన్నారు. నేను కష్టపడి వచ్చానని, కొబ్బరి బొండం కొట్టిస్తానంటూ ఇంటివైపు వెళ్ళారు. నేను ఒంటరిగా తోటలోని కమ్మల పాకలోకి తొంగి చూశాను. తట్టలు, గునపం, కషాయం కాచే కుండ. పైన చూరులో ఒక ప్యాకెట్టు దోపి ఉంది. తీసి చూస్తే విషమని హెచ్చరించే ఎర్ర గుర్తు. పురుగుమందు. సగం ఖాళీ.

ఆవిడ వచ్చేలోపే ఆ ప్యాకెట్టు నా సంచిలో వేసుకున్నాను. ఆవిడ బొండం తెచ్చి ఇస్తే, నిబంధన ఒప్పుకోదని చెప్పి తాగలేదు. ఇదేమిటి, ఎక్కడ వాడారు అని ఒక్క మాట అడగలేదు. అడగకపోవడానికి కారణం నాకు ఆరోజే తెలుసు. ఆవిడ మా సార్ వదిన. అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే దారి నేనే ఇచ్చినట్టవుతుంది. రేపు ఎవరైనా, మీ సార్ చుట్టమని వదిలేశావు అంటే? ఆ మాట పడకూడదనుకున్నాను. రోడ్డు మీదికి వచ్చేసరికి తవిటయ్య గారు బల్ల మీద అలాగే కూర్చుని ఉన్నారు. “అయిందా?” అన్నారు. “అయింది సార్” అన్నాను. ఇంకేమీ అడగలేదు. అడగకూడదు కూడా. పలాస దాకా బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ప్యాకెట్టు నా ఒళ్ళోని సంచిలో ఉంది.

మర్నాడు నివేదిక రాశాను. తోటలో నిషేధిత రసాయనం వాడారు అని, కంటితో చూసినట్టే రాశాను. పాకలో ప్యాకెట్టు దొరికింది అని మాత్రమే రాసి ఉంటే, అది ఎక్కడిదో తేల్చమని ఆఫీసు వాళ్ళే మళ్ళీ మనిషిని పంపేవారు. వాడారు అని రాశాను కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఫైలు నేరుగా హైదరాబాదులోని హెడ్డాఫీసుకి వెళ్ళింది. నీలమ్మ గారి తోట మళ్ళీ మొదటి ఏడాదికి పడిపోయింది. సంఘం పత్రం ఏడాది పాటు ఆపేశారు. కోతలు మొదలయ్యే వేళకు ఆ వార్త ఊరికి చేరింది. మూడేళ్ళు పూతలో సగం దోమకి వదిలేసుకుని, చేత్తో గొంగళ్ళు ఏరి, పక్క ఊరి వాళ్ళు నవ్వుతుంటే భరించిన ఇరవై ఇళ్ళ వాళ్ళు, ఆ పప్పునంతా మామూలు పప్పుగా అమ్ముకున్నారు. అందరి వేలూ ఒక్క ఇంటివైపు చూపించింది.

నీలమ్మ గారికి ఆ ఉత్తర్వు చదివి వినిపించి వేలిముద్ర తీసుకురమ్మని నన్నే పంపారు. వెళ్ళేసరికి ఆవిడ వీధి అరుగు మీద జీడిగింజలు ఎండబోస్తున్నారు. పక్కింటి వాళ్ళ తలుపు నన్ను చూసి మూసుకుంది.

“ఇదేటి పాపా?”

“ఆఫీసు నుంచి ఉత్తరం పెద్దమ్మా. చదివి వినిపించాలి.”

“సదువు.”

చదివాను. తోటలో నిషేధిత రసాయనం వాడినట్టు తనిఖీలో ప్రత్యక్షంగా గమనించినందున అన్న చోట ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు.

“అంటే ఏటి?”

“తోటలో మందు వాడడం తనిఖీలో చూశారని.”

“ఎవులు సూసినారు?” ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. “నువ్వా?”

పాక చూరులో ప్యాకెట్టు దొరికిందని గొణిగాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, లేచి, నా మణికట్టు పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళారు. పాత కమ్మల ఇల్లు. నడి ఇంట్లో కప్పు మోస్తున్న రాట. దాని మొదలు చుట్టూ మట్టి తవ్వి, తెల్లటి పొడి వేసి, మళ్ళీ కప్పిన గుర్తు. రాట మీద చెదలు పాకిన మట్టి చారలు ఎండిపోయి ఉన్నాయి.

“మా ఇంటాయన పాతిన రాట. సెదలు తినీసినాయి. ఇది ఇరిగితే ఇల్లు కూలిపోద్ది కదేటి. పొట్లం తెచ్చి మొదట్లో ఏసినాను. మా కూతురు పిల్లలొచ్చి ఉన్నారు, ఇంట్లో ఎడితే నోట్లో ఎట్టేసుకుంటారనీసి మిగిలింది అట్టుకెల్లి పాకలో సెక్కినాను. తోటకి నానేల ఏత్తాను? ఆయన్ని ఎలా పోగొట్టుకున్నానో ఎరగనా?” నా మణికట్టు వదిలి, “ఆరోజు ఒక్క మాటడిగితే సెప్పేద్దును కదా, గుంటా” అన్నారు.

నేను రాట పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు. “మా మరిదికి తెలుసా ఇది?”

“తెలీదు పెద్దమ్మా. మీ చుట్టం కాబట్టి ఈ ఫైలు ఆయనకి చూపించరు.”

“ఆరోజు టీ కొట్టుకాడ కూకున్నాడట కదా. ఊరంతా సూసినారు. నాను కాపరానికొచ్చినప్పుడు ఆడు లాగు తొడుక్కునే గుంటడు. నా సేతి ముద్ద తిని ఎదిగినాడు.” ఆ తర్వాత ఆవిడ వేలిముద్ర వేసి, కాగితం నా చేతిలో పెట్టి, మళ్ళీ గింజల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆఫీసులో తవిటయ్య గారికి అంతా చెప్పాను. కింద బట్టీల పొగ కిటికీలోంచి వస్తోంది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“ప్యాకెట్టు సూసినావు. వాడడం సూసినావా?”

“లేదు సార్.”

“ఎందుకు రాసినావు మరి?”

“మీ వదిన గారు కదా సార్. నేను పక్షపాతం చూపించానని ఎవరూ అనకూడదని.”

“అంటే నా మొకం సూసి రాసినావు. ఆవిడ తోట సూసి కాదు.”

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట చాలా మెల్లగా అన్నారు. తర్వాత తెల్లకాగితం నా ముందుకు జరిపి, రాయి అన్నారు. ఉద్యోగం పోతుందా సార్ అని అడిగాను. “పోవచ్చు. రాయి” అన్నారు. పొరపాటున అలా రాయడం జరిగింది అని మొదలుపెట్టాను. ఆయన ఆ ముక్క కొట్టేశారు. “జరగడమేటి? ఎవులో నీ చెయ్యట్టుకుని రాయించినట్టుంది. నేను చూడలేదు, చూసినట్టు రాశాను. అంతే రాయి.” మూడుసార్లు తిరగరాయించారు. చివరికి మిగిలింది నాలుగు వాక్యాలు. వాటిలో నేను దాక్కోడానికి చోటు లేదు.

మేనేజరు ఆ ఉత్తరం చదివి తల పట్టుకున్నాడు. వచ్చే నెల ఢిల్లీ నుంచి ప్రభుత్వ పర్యవేక్షకులు వస్తున్నారు. సంస్థ గుర్తింపు కొనసాగించాలా వద్దా అన్నది వాళ్ళు చూసే ఫైళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు ఇది ఫైల్లో పెట్టొద్దు, వచ్చే ఏడు వేరే కారణం చూపించి ఆ తోటని మళ్ళీ చేర్చుకుందాం అన్నాడు.

“అందాకా ఆవిడ దొంగగానే ఉండాలా బాబూ?” అన్నారు తవిటయ్య గారు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఉన్న మాటే అన్నాడు. “ఆవిడ మీ వదిన గారు. మీ కింద పని చేసే అమ్మాయి ఆవిడకి అనుకూలంగా మాట మార్చింది. వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో మీరే చెప్పండి.”

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్ళేసరికి తవిటయ్య గారి బల్ల సొరుగు ఖాళీ చేసి ఉంది. పెన్నులు, భూతద్దం, మట్టి తీసే చిన్న తాపీ ఒక చేతిసంచిలో సర్దుకున్నారు. “నేనీ ఆఫీసులో ఉన్నంతకాలం నీ ఉత్తరానికి ఇలువుండదు” అన్నారు. తన రాజీనామాలో, ఈ అమ్మాయికి పని నేర్పింది నేను, తప్పు నాది కూడా అని రాశారు. నా ఉత్తరాన్ని నేనే, నా చేత్తోనే, పర్యవేక్షకులకి ఇవ్వాలని మాట తీసుకున్నారు. మెట్లు దిగుతుంటే వెనకాల వెళ్ళాను. వీధిలోకి వచ్చాక, “ఏడవకు. ఏడిస్తే అడిగిన దానికి సరిగ్గా సెప్పలేవు” అని వెళ్ళిపోయారు.

వచ్చిన అధికారుల్లో పెద్దాయన నా ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, ఇది ఎవరైనా చెబితే రాశావా అని అడిగాడు. రాయమన్నది మా సార్, తప్పు చేసింది నేను అని చెప్పాను. వాళ్ళు ఆ ఊరు వెళ్ళారు. రాట చూశారు. తోటలో మట్టి, ఆకులు, గింజలు సంచుల్లో కట్టించి ప్రయోగశాలకు పంపారు. వాటిలో ఏ మందూ లేదని తేలింది. సంస్థకు హెచ్చరిక వచ్చింది. నన్ను ఏడాది పాటు తనిఖీలకు పంపకుండా కూర్చోబెట్టారు. నీలమ్మ గారి తోటని, సంఘాన్ని మళ్ళీ యథాస్థానంలో పెడుతూ ఉత్తర్వు ఇచ్చారు. కాగితం మీద అన్నీ సరి అయ్యాయి. అప్పటికి ఆ ఏటి పంట ఎప్పుడో అమ్ముడైపోయింది. సంఘంలో సగం మంది విసిగి మళ్ళీ అటకల మీంచి స్ప్రేయర్లు దించుకున్నారు. నీలమ్మ గారు నిర్దోషి అని ఊళ్ళో అందరికీ తెలిసినా, అంతకుముందు అన్న మాటలు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆవిడ మాత్రం మరిదితో మాట మానేశారు.

తవిటయ్య గారు పలాసలోనే ఉండేవారు. నేను అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. రాజీనామా చేసిన కొన్ని నెలలకే ఆయన పాదాలు వాచడం మొదలైంది. ఉద్దానం మనుషులకి ఆ వాపు చూస్తే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోడానికి విశాఖపట్నం రైలెక్కేవారు. తిరిగొచ్చిన రోజు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఒకసారి వెళ్ళినప్పుడు కొంచెం తేరుకుని ఉన్నారు. వాళ్ళావిడ లోపల వంట చేస్తున్నారు. నేను ధైర్యం చేసి అడిగాను. మీ వదిన గారి దగ్గరికి ఒకసారి వెళ్ళకూడదా సార్ అని.

“ఫైలు తేలినాక ఎల్దామనుకున్నాను” అన్నారు. “తేలకుండా ఎలితే నేనే ఏదో సేసినాననుకుంటారని. తేలిపోనాక మొకం చెల్లనేదు.” నేను లేవబోతుంటే, “నీ ఉత్తరం బాగున్నాదమ్మా. ఒక్క మాట ఎక్కువ నేదు” అన్నారు. నేను ఆయన నోట విన్న పొగడ్త అదొక్కటే. అది నా జీవితంలోకెల్లా సిగ్గుపడాల్సిన కాగితం గురించి.

రెండో ఏడు వానాకాలంలో పోయారు.

పదోరోజుకి నీలమ్మ గారు వచ్చారు. రెండేళ్ళలో ఆ ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదలు. భోజనాలకు కూర్చోలేదు. వసారాలో గోడకి చేరగిలబడి ఫోటోకేసి చూస్తూ కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టారు. నేనే మాట్లాడాను. ఆయనకు నిబంధన అడ్డొచ్చిందని, ఆవిడ మీద మచ్చ పోవడానికే ఉద్యోగం వదులుకున్నారని చెప్పాను.

“తెలుసు. ఊళ్ళో సెప్పినారు.”

“మరి ఎందుకు పెద్దమ్మా...”

“ఉద్దోగం ఒగ్గీసినాడు గానీ నా గుమ్మంలోకి రానేదు కదమ్మా. నానడిగినది ఉద్దోగమా?” కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. “వొచ్చి కూకుని, వదినా ఏటయినాదే అంటే సాలును. ఆడు రాడు. నాను ఎల్లను. ఇద్దరం అలగే ఉండిపోనాం. ఆడు మంచోడని నాకు తెలీదేటి? తెలిసినా కోపం పోనేదు. ఏటి సెయ్యమంటావు?”

సాయంత్రం ఆవిడని బస్సు దాకా దింపాను. సంచి నన్ను మొయ్యనిచ్చారు. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, బయటికి వంగి, “ఒకసారి రా. కాయితాలు తేకు” అన్నారు.

పూత సమయంలో వెళ్ళాను. ఆవిడ మళ్ళీ ఏ సంఘంలోనూ చేరలేదు. తోట అంతా తిప్పారు. ఈసారి చెట్ల గురించి ఏమీ చెప్పలేదు. ఒక నీడన చాప పరిచి, బొండం కొట్టించి ఇచ్చారు. తాగాను. అప్పుడు, “ఆడి గురించి సెప్పు” అన్నారు. నాకు అర్థం కాలేదు. “ఆ రెండేళ్ళూ నాను సూడనేదు కదా. ఎలగుండేవోడు, ఏటి తినేవోడు, నొప్పంటే ఏడిసేవోడా. నువ్వు ఎల్తుండేదానివట కదా. సెప్పు.”

చెప్పాను. ఉప్పు లేని అన్నం మీద విసుక్కోవడం, రైలు దిగి ఇంటిదాకా నడవలేక మధ్యలో ఎవరి అరుగు మీదో కూర్చోవడం, మంచం పక్కన గూట్లో అన్నగారి పాత ఫోటో పెట్టుకోవడం, స్ప్రేయరు గురించి ఆయన అన్న మాటలు, ఆవిడ అడిగినవీ అడగనివీ అన్నీ. ఆవిడ వింటూ, ఎక్కడైనా నేను తొందరపడితే ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు. ఎండ తగ్గేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ వెళ్ళాను. ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి గుర్తొచ్చి చెప్పేదాన్ని. చిన్నప్పుడు ముద్దలు పెట్టి తను పెంచిన మనిషి చివరి రెండేళ్ళు ఆవిడకు దక్కాల్సినవి. నా చేతిరాత వల్ల అవి నాకు దక్కాయి. ఎంత చెప్పినా అవి పూర్తిగా ఆవిడకి చేరలేదు. ఇంకా నా దగ్గరే ఉన్నాయి.